మిగిలిన ఆ కాస్త వినికిడి



ఏటా ఈ ఉపన్యాసం ఎవరి పేరిట జరుగుతోందో ఆ మాస్టారు ఈ కొల్లూరులోనే తెలుగు చెప్పారు. గొంతెత్తి పద్యం చదివిన పిల్లవాడికే తెలుగు వచ్చినట్టని ఆయన అనేవారని శిష్యులు ఇప్పటికీ చెప్పుకుంటారు. సరిగా వినపడని పిల్లలను వెనక బెంచీలో వదిలేయకుండా తన కుర్చీ పక్కకే పిలిపించుకునేవారట. ఆయన పేరిట మాట్లాడమన్నప్పుడు నాకు వేరే విషయం తోచలేదు. ఎలక్ట్రోడ్ అమర్చి వినికిడి తెప్పించే కాక్లియర్ ఇంప్లాంట్ ఆపరేషన్ జరుగుతున్నంతసేపూ లోపలి చెవి ఎలా పనిచేస్తోందో కనిపెట్టి చూస్తూ, బిడ్డలో మిగిలివున్న వినికిడి పోకుండా కాపాడే పద్ధతి గురించి ఇవాళ చెబుతాను. నేను సర్జన్‌ని కాను, ఆడియాలజిస్టుని. ఆపరేషన్ థియేటర్‌లో కత్తి పట్టుకునేవారి పక్కన, లాప్‌టాప్ ముందు కూర్చునే మనిషిని.

ముందు మన సంగతి చూద్దాం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2007 ఏప్రిల్ 1న రాజీవ్ ఆరోగ్యశ్రీ పథకం మూడు జిల్లాల్లో మొదలై, తర్వాత రాష్ట్రమంతటా విస్తరించింది. అప్పట్లో ఒక కుటుంబానికి ఏడాదికి లక్షన్నర, అవసరమైతే మరో 50 వేలు అన్నది పరిమితి. కాక్లియర్ ఇంప్లాంట్‌కు మాత్రం ఆ పరిమితి పక్కనపెట్టి, ఆపరేషన్‌కూ ఆ తర్వాత మాట నేర్పే శిక్షణకూ కలిపి ఒక్కో బిడ్డకు 6.50 లక్షల రూపాయల దాకా ఇచ్చారు. అంతకుముందు ఈ మండలంలో ఒక కౌలురైతు బిడ్డకు ఇంప్లాంట్ అనేది ఊహకు కూడా అందని సంగతి. పొలం ఉన్నవాళ్ళు పొలం అమ్ముకునేవారు, లేనివాళ్ళు సైగలతో సరిపెట్టుకునేవారు. పథకం పేరు ప్రభుత్వాలను బట్టి మారుతూ వచ్చింది, ఇప్పుడు డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ అంటున్నాం. పేరు ఏదైనా, వేరే విధంగా మాట వచ్చే దారి లేని పిల్లలకు మాట వచ్చింది. కేంద్ర ప్రభుత్వం కూడా 2014 నుంచి, వికలాంగులకు సహాయక పరికరాలిచ్చే అడిప్ పథకం కింద ఇంప్లాంట్లు ఇస్తోంది. దానికి నోడల్ సంస్థ ముంబయిలోని అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ. ఉస్మానియా వైస్ చాన్సలర్‌గా పనిచేసిన మన హైదరాబాదు మనిషి పేరే దానికి పెట్టారు.

ఇదంతా గర్వంగా చెప్పుకోవలసిందే. అయితే మనం ఇంతకాలం ఒక లెక్కే వేసుకున్నాం. ఎంతమందికి మిషన్ పెట్టాం, ఎంతమందికి మాట వచ్చింది అన్నదే ఆ లెక్క. ఆపరేషన్‌కు ముందు ఆ చెవిలో ఉన్న కాస్త వినికిడి ఆపరేషన్ తర్వాత ఏమైందన్నది ఎవరూ పెద్దగా అడగలేదు. అడగకపోవడానికి కారణం ఉంది. తొలిరోజుల్లో ఇంప్లాంట్ బొత్తిగా వినపడనివారికే పెట్టేవారు. పోగొట్టుకోవడానికి అక్కడ ఏమీ లేదనుకునేవారు. ఇప్పుడు అలా అనుకోవడానికి వీల్లేదు.

మన ఇళ్ళలో తరచూ వినే మాట ఒకటుంది. "మావాడికి వినపడుతుందండీ, తలుపు చప్పుడుకు తిరుగుతాడు, ట్రాక్టర్ వస్తే పరిగెత్తుతాడు, మాటే రావట్లేదు" అంటారు తల్లులు. మాటలు ఆలస్యంగా వస్తాయిలే, మేనమామకూ అలాగే వచ్చాయిలే అని నానమ్మలు సర్దిచెబుతారు. అలా రెండేళ్ళు, మూడేళ్ళు గడిచిపోతాయి. ఆ తల్లి అబద్ధం చెప్పడం లేదు. ఆ బిడ్డకు నిజంగానే తలుపు చప్పుడు, ట్రాక్టర్ మోత, డప్పు, నాన్న బొంగురు గొంతు వినపడతాయి. అవన్నీ మంద్ర స్వరాలు. సకారం, శకారం, తకారం, చకారం లాంటి సన్నని ధ్వనులు వినపడవు. అవి లేకపోతే "సాకు" అన్నా "చాకు" అన్నా బిడ్డకు ఒకటే. శబ్దం ఉంటుంది కానీ మాట తెలియదు. సన్నని ధ్వనులను వినిపించడానికి వినికిడి యంత్రం చాలకపోతే ఇంప్లాంట్ వేయాల్సి వస్తుంది. అప్పుడు ఆ మంద్ర స్వరాల వినికిడి మన చేతుల్లో పెట్టిన సొత్తు అవుతుంది.

ఎందుకు అలా సగం పోయి సగం మిగులుతుందో తెలియాలంటే లోపలి చెవి సంగతి కొంచెం తెలియాలి. లోపలి చెవిలోని కాక్లియా, అడుగున 9 మిల్లీమీటర్ల వెడల్పు, 5 మిల్లీమీటర్ల ఎత్తు ఉండే చిన్న ఎముక గూడు. దానిలో రెండున్నర చుట్లు తిరిగిన గొట్టం. గొట్టం పొడవునా 35 మిల్లీమీటర్ల పల్చని పొర. ఆ పొర మీద సుమారు 15 వేల రోమకణాలు వరుసలు తీరి ఉంటాయి. వాకిట్లో, అంటే మధ్యచెవి వైపు ఉన్న కణాలు సన్నని ధ్వనులను పడతాయి. లోపలికి, కొసదాకా వెళ్ళేకొద్దీ మంద్ర స్వరాలను పడతాయి. శబ్దం అలగా ఆ పొర మీద ప్రయాణించి తనకు తగిన చోట ఉవ్వెత్తున లేస్తుందని నిరూపించినందుకు గేయోర్గ్ ఫాన్ బెకెషీకి 1961లో నోబెల్ ఇచ్చారు. రోమకణాలు చావడం మొదలుపెడితే చాలా చెవుల్లో వాకిటి కణాలే ముందు పోతాయి. కొసన ఉన్నవి చాలాకాలం నిలుస్తాయి.

ఇంప్లాంట్ ఎలక్ట్రోడ్ కూడా ఆ వాకిటి నుంచే లోపలికి వెళ్ళాలి. మెత్తని సిలికాన్‌లో పొదిగిన సన్నని తీగల కట్ట అది. కంపెనీని బట్టి 12, 16, లేదా 22 విద్యుత్ బిందువులు ఉంటాయి. పొడవు సాధారణంగా 20 నుంచి 31 మిల్లీమీటర్ల దాకా ఉంటుంది. చచ్చిన కణాల పక్కగా లోపలికి జరుగుతూ జరుగుతూ, బతికి ఉన్న కణాల దగ్గరికి చేరుతుంది. అక్కడ తప్పుగా ఒత్తిడి పడితే పొర చిరుగుతుంది. పొరకు ఒకవైపు పొటాషియం నిండిన ద్రవం, 80 మిల్లీవోల్టుల విద్యుత్తుతో ఉంటుంది. రెండోవైపు సోడియం నిండిన వేరే ద్రవం. చిరుగు పడితే రెండూ కలిసిపోయి రోమకణాలు నిమిషాల్లో దెబ్బతింటాయి. చిరక్కపోయినా తీగ పొరకు ఆనుకుంటే చాలు, పొర ఊగలేదు. వేగంగా తోస్తే లోపలి ద్రవంలో ఒత్తిడి పెరిగి కూడా నష్టం జరుగుతుంది. ఇదంతా సర్జన్ వేళ్ళకు తెలియదు. ఎంత నైపుణ్యం ఉన్న చెయ్యయినా ఆ పొర చిరిగేంత బలాన్ని స్పర్శతో పసిగట్టలేదు. మైక్రోస్కోపులో కనిపించేది కాక్లియా వాకిట ఉన్న గుండ్రని కిటికీ మాత్రమే, దాని వెనకంతా చీకటి.

"ఇంప్లాంట్‌తో మాట వినపడుతుంది కదా, ఆ పాత వినికిడి పోతే మాత్రం ఏం?" అని కొందరు డాక్టర్లే అంటారు. ఈ ప్రశ్నకు తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతంలో జవాబు చెప్పడం సులువు. పద్యనాటకం ఇక్కడి నేల మీద పెరిగింది. రంగస్థల నటుడు స్థానం నరసింహారావు గారు పుట్టింది బాపట్లలో. ఒక్క పద్యానికి ఒన్స్‌మోర్ కొట్టి మళ్ళీ మళ్ళీ పాడించుకున్న జనం మనం. ఇంప్లాంట్ మాటను బాగా మోస్తుంది, రాగాన్ని సరిగా మోయలేదు. ఇరవై చిల్లర విద్యుత్ బిందువులతో మాట అర్థమవుతుంది కానీ, షడ్జమానికీ పంచమానికీ తేడా, ఆడగొంతుకీ మగగొంతుకీ తేడా, తల్లి పిలుపులో కోపమా ముద్దా అన్న తేడా చాలావరకు మంద్ర స్వరాల సూక్ష్మాల్లో ఉంటాయి. 250, 500 హెర్ట్జ్‌ల దగ్గర మిగిలిన సహజమైన వినికిడి ఆ పని చేస్తుంది. పెళ్ళిపందిట్లో పదిమంది ఒకేసారి మాట్లాడుతుంటే ఒక్కరి గొంతు పట్టుకోవడానికీ అదే ఆసరా. ఫ్రాంక్‌ఫర్ట్‌లో క్రిస్టోఫ్ ఫాన్ ఇల్‌బెర్గ్ బృందం 1999లో ఈ రెండింటినీ ఒకే చెవిలో కలిపి చూపించింది. సన్నని ధ్వనులు విద్యుత్తుగా, మంద్ర స్వరాలు శబ్దంగానే అందుతాయి. అంతకు ఆరేళ్ళ ముందే హానోవర్‌లో ఎర్న్‌స్ట్ లేన్‌హార్ట్ మెత్తగా చేసే శస్త్రచికిత్స పద్ధతిని ప్రతిపాదించాడు. ఎముకను తక్కువగా తొలచడం, రక్తం లోపలికి పోకుండా చూడటం, లోపలి ద్రవాన్ని పీల్చకుండా ఉండటం, తీగను నెమ్మదిగా జరపడం ఆ పద్ధతిలోని మెళకువలు. అమెరికాలో అయోవా విశ్వవిద్యాలయంలో బ్రూస్ గాంట్జ్ అయితే లోపలి కణాల జోలికే పోకుండా కేవలం 10 మిల్లీమీటర్ల ఎలక్ట్రోడ్ వేశాడు.

మెత్తగా చేస్తున్నామని అనుకోవడం ఒకటి, చెవి ఒప్పుకోవడం మరొకటి. చెవిని అడిగే మార్గం 1930లోనే దొరికింది. ప్రిన్స్‌టన్‌లో వీవర్, బ్రే అనే ఇద్దరు మత్తిచ్చిన పిల్లి శ్రవణ నాడి మీద ఎలక్ట్రోడ్ పెట్టి, దాని తీగను దూరంగా వేరే గదిలోని టెలిఫోన్ రిసీవర్‌కు కలిపారు. ఒకరు పిల్లి చెవిలో మాట్లాడితే, రెండో గదిలో ఉన్నవారికి ఆ మాటలు స్పష్టంగా వినిపించాయి. నాడి మాటను మోస్తోందని వారు మురిసిపోయారు. అందులో ఎక్కువ భాగం నాడిది కాదని, కాక్లియా తనే మైక్రోఫోన్‌లా పనిచేసి శబ్దాన్ని విద్యుత్తుగా మారుస్తోందని తర్వాత తేలింది. ఆ సంకేతానికి కాక్లియర్ మైక్రోఫోనిక్ అని పేరు వచ్చింది. అది ముఖ్యంగా బయటివరుస రోమకణాల నుంచి వస్తుంది. కణాలు బతికి ఉంటే సంకేతం ఉంటుంది. 1935లో ఫ్రోమ్, న్యూలేన్, జోటర్‌మాన్ అనే స్వీడన్ శాస్త్రవేత్తలు మనిషి చెవి నుంచి దాన్ని నమోదు చేశారు. ఈ పరీక్షనే ఎలక్ట్రోకాక్లియోగ్రఫీ అంటాం, థియేటర్‌లో పొట్టిగా ఈకాక్ అంటాం.

దాన్ని ఇంప్లాంట్ ఆపరేషన్‌లోకి తీసుకురావడంలో అమెరికాలోని నార్త్ కరోలినా విశ్వవిద్యాలయం పేరు ముందు చెప్పాలి. డగ్లస్ ఫిట్జ్‌పాట్రిక్, ఆలివర్ అడుంకా, క్రెయిగ్ బుక్‌మన్ అక్కడ ఎలక్ట్రోడ్ లోపలికి వెళ్ళకముందే గుండ్రని కిటికీ మీద నుంచి సంకేతం కొలిచారు. వారికి కనిపించింది నాకు ఇప్పటికీ ఒళ్ళు గగుర్పొడిచే విషయం. పూర్తిగా చెవుడని రాసి పంపిన చెవుల్లో కూడా దాదాపు అన్నింటిలో ఎంతోకొంత సంకేతం దొరికింది. వినికిడి కొలిచి రాసిన ఆడియోగ్రామ్ కాగితం మీద ఏమీ లేదన్నంత మాత్రాన చెవిలో ఏమీ లేదని కాదు.

ఇప్పుడు థియేటర్‌లో జరిగే పని చెబుతాను, ఎందుకంటే రేపు మీ బిడ్డను లోపలికి తీసుకెళ్ళినప్పుడు తలుపు బయట కూర్చునేది మీరే. బిడ్డకు మత్తు ఇచ్చాక, పైన పచ్చగుడ్డలు కప్పకముందే, చెవి రంధ్రంలో చిన్న స్పాంజి ఇయర్‌ఫోన్ పెడతాను. దాని రబ్బరు గొట్టం మడతపడకుండా, తడి లోపలికి పోకుండా మైనంతో, ప్లాస్టర్‌తో బిగిస్తాను. ఇక్కడ అజాగ్రత్త చేస్తే మిగతా అంతా వృథా. సర్జన్ చెవి వెనక ఎముక తొలిచి, ముఖనాడికీ నాలుకకు రుచి తెచ్చే నాడికీ మధ్య ఉన్న సందులోంచి గుండ్రని కిటికీ దాకా దారి చేస్తారు. ఇంప్లాంట్‌ను ఎముక గుంటలో కూర్చోబెట్టాక, శుభ్రమైన తొడుగులో ఉన్న నా కాయిల్‌ను దాని అయస్కాంతానికి అతికిస్తారు. ఇక ఇంప్లాంట్ కొసన ఉన్న మొదటి విద్యుత్ బిందువే మాకు మైక్రోఫోన్. చెవిలో 500 హెర్ట్జ్ స్వరం గట్టిగా మోగుతుంటుంది. తీగ లోపలికి జరుగుతున్నకొద్దీ కొసబిందువు బతికిన కణాలకు దగ్గరవుతుంది, తెర మీద గీత పైకి లేస్తుంది. అవి మైక్రోవోల్టులు, అంటే వోల్టులో పది లక్షలవ వంతులు. నేను గీతను చూస్తూ పైకే చెబుతుంటాను. "పెరుగుతోంది సార్... ఇంకా పెరుగుతోంది... స్టడీ... డ్రాప్!" ఆ మాట వినగానే సర్జన్ చెయ్యి ఆగుతుంది. ఎవరూ మాట్లాడరు. ఆయన ఒక అర మిల్లీమీటరు వెనక్కి తీస్తారు, లేదా తీగ కోణం కొంచెం మారుస్తారు. కాసేపటికి గీత మళ్ళీ లేస్తే ముందుకు వెళతాం. లంకలకు పడవ నడిపేవాడు గెడకు ఇసుక తగలగానే వెనక్కి నెట్టి పక్కకు తిప్పుకోవడం మీకు తెలిసిందే, సర్జన్‌కు ఆ గెడ అందించడమే నా పని.

ఆస్ట్రేలియాలో 1978లో గ్రీమ్ క్లార్క్ తన మొదటి బహుబిందు ఇంప్లాంట్ వేసిన మెల్‌బోర్న్‌లోనే, స్టీఫెన్ ఓలియరీ బృందం ఈ పద్ధతిని గట్టిగా పరీక్షకు పెట్టింది. రోగులను చీటీ వేసినట్టు రెండు గుంపులు చేశారు. ఒక గుంపులో సంకేతం 30 శాతం పడిపోగానే సర్జన్‌కు చెప్పి సర్దుబాటు చేయించారు, రెండో గుంపులో చెప్పలేదు. చెప్పిన గుంపులో వినికిడి మెరుగ్గా నిలిచిందని 2022లో ప్రచురించారు. ఇప్పుడు ఇంప్లాంట్ కంపెనీలు ఈకాక్ చేసే పరికరాన్ని తమ యంత్రాలతోనే ఇస్తున్నాయి. ఇంతవరకు అందరూ చేస్తున్న పరీక్షలు, అంటే ఇంపెడెన్స్, నాడి స్పందన, తీగ లోపలికి వెళ్ళిపోయాక చేసేవి. మిషన్ పనిచేస్తోందా, నాడి పలుకుతోందా అని అవి చెబుతాయి. రోమకణాలు బతికాయా అన్నది వాటికి తెలియదు.

ఈకాక్ పద్ధతికి హద్దులున్నాయి, వాటిని దాచి పొగడటం నాకు ఇష్టం లేదు. గీత పడిపోయిన ప్రతిసారీ నష్టం జరిగినట్టు కాదు. కొసబిందువు బలమైన కణాలను దాటి ముందుకు వెళ్ళినా సంకేతం తగ్గుతుంది. సెలైన్ చెవిలోకి జారి గొట్టం మూసుకుపోయినా గీత మాయమవుతుంది. ఏది నిజమైన ప్రమాదమో, ఏది ఉత్త గాభరానో విడదీయడానికి అనుభవం కావాలి. అంతా బాగా జరిగి మొదటి నెల వినికిడి నిలిచి, ఆరు నెలల తర్వాత మెల్లగా తగ్గిపోయే పిల్లలు కూడా ఉంటారు. పరాయి వస్తువు మీద శరీరం చేసే దాడి, లోపల పేరుకునే పీచుకణజాలం దానికి కారణాలు. అందుకే స్టెరాయిడ్ మందులు వాడతాం, ఏడాది పొడవునా పరీక్షలకు రమ్మంటాం. ఆపరేషన్ బల్ల మీద కాపాడటం సగం పనే. కానీ ఆ సగం అక్కడ పోతే మళ్ళీ దొరకదు.

మిగిలిన వినికిడిని కాపాడటానికి ఇంకో కారణం కూడా ఉంది. 2024 జనవరిలో షాంఘై వైద్యులు ఓటోఫెర్లిన్ జన్యువు లోపంతో పుట్టిన పిల్లలకు జన్యుచికిత్స చేసి వినికిడి తెప్పించామని లాన్సెట్‌లో ప్రచురించారు. అది అన్ని రకాల చెవుడుకూ పనికొచ్చేది కాదు. మన దేశంలో ఎక్కువగా కనిపించేది కనెక్సిన్ 26 జన్యువు లోపం, దానికి ఇంకా మందు లేదు. అయినా ఇవాళ రెండేళ్ళ బిడ్డకు ముందు ఎనభై ఏళ్ళ జీవితం ఉంది. ఆ ఎనభై ఏళ్ళలో ఏ చికిత్స వచ్చినా, అది చెక్కుచెదరని కాక్లియానే కోరుకుంటుంది. ఈ పూట తొందరపడి ఆ తలుపు మూసే హక్కు మనకు లేదు.

జన్యువుల మాట వచ్చింది కాబట్టి మేనరికం గురించి చెప్పక తప్పదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో పెళ్ళయిన ఆడవాళ్ళలో దాదాపు నాలుగో వంతు బంధువులనే చేసుకున్నవారు. పుట్టుచెవుడు కలిగించే చాలా జన్యులోపాలు తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండు వైపులా వచ్చినప్పుడే బయటపడతాయి. ఇంట్లో ఒక బిడ్డకు చెవుడు ఉంటే, రెండో బిడ్డకు పుట్టిన వారంలోనే పరీక్ష చేయించండి. సంబంధం ఖాయం చేసేముందు ఒకసారి జన్యు సలహా తీసుకోండి. ఎవరి పరువుకూ నష్టం లేదు.

నేను ఇంత చెప్పిన పద్ధతి బిడ్డ సమయానికి మా దగ్గరికి వస్తేనే పనికొస్తుంది. నెలలోపు పరీక్ష, మూడు నెలల్లో నిర్ధారణ, ఆరు నెలల్లో యంత్రం అన్నది ప్రపంచంలో చాలాచోట్ల లక్ష్యంగా పెట్టుకున్న నియమం. ఓఏఈ (ఓటోఅకౌస్టిక్ ఎమిషన్స్) అనే వినికిడి పరీక్షకు నిద్రపోతున్న పసిపాప చెవిలో చిన్న మొన పెట్టి కొన్ని నిమిషాలు ఆగితే చాలు. నొప్పి లేదు, సూది లేదు. ఆస్పత్రిలో పుట్టిన పిల్లలకైనా ఆ పరీక్ష దొరికే అవకాశముంది. కొల్లూరు చుట్టూ ఉన్న ఇటుక బట్టీల దగ్గర గుడిసెల్లో, వేరే జిల్లాల నుంచి, వేరే రాష్ట్రాల నుంచి వలస వచ్చిన తల్లుల ఒడిలో ఉన్న పిల్లలకు అది అందదు. బట్టీ పని ముగిసి వాళ్ళు ఊరు మారేసరికి బిడ్డ ఏ రిజిస్టర్‌లోనూ ఉండదు. కృష్ణకు వరదొచ్చి లంకల్లో నెలరోజులు రాకపోకలు ఆగినా అంతే.

పక్కనే యలవర్రులో పుట్టిన యలవర్తి నాయుడమ్మ గారు చర్మశుద్ధి శాస్త్రాన్ని లేబొరేటరీలోంచి తోలుపని చేసే పేదవాడి చేతికి తెచ్చారు. ఈ నేల అలాంటి మనిషిని కన్నది. కనుక అడగడానికి సంకోచించను. ఆరోగ్య పథకం నడిపే ట్రస్టుకు నా విన్నపం ఇది: ఇంప్లాంట్ ప్యాకేజీలో ఎలక్ట్రోకాక్లియోగ్రఫీని చేర్చండి. ఆపరేషన్‌కు ముందు, తర్వాత తీసిన ఆడియోగ్రామ్‌లు రెండూ జతచేయకపోతే బిల్లు పాస్ చేయకండి. డబ్బున్నవాడి బిడ్డ వినికిడిని కాపాడే గీత, తెల్ల రేషన్ కార్డు బిడ్డకు కూడా తెర మీద కనిపించాలి. తల్లిదండ్రులకు ఒక మాట: సర్జన్ గారిని భయపడకుండా అడగండి, "మా బిడ్డకు మిగిలిన వినికిడి ఎంత, దాన్ని ఎలా కాపాడతారు, ఆపరేషన్ తర్వాత అది ఉందో లేదో ఎప్పుడు చెబుతారు" అని. ఆశా కార్యకర్తలకు, బట్టీల యజమానులకు కూడా ఒక మనవి: బట్టీలు రాజుకునే ఈ సీజన్‌లోనే ఒక రోజు ఖాళీ చేసి ఇవ్వండి. పరీక్ష పరికరం తీసుకుని మేం వస్తాం.